మీ ఊళ్లో గంజాయి దుకాణం: న్యూజెర్సీ మునిసిపాలిటీల అధికారాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గంజాయి అన్న మాట నోట పలకడమే ఇబ్బంది. ఆ మాట వినగానే మనకు విశాఖ మన్యంలో పోలీసు దాడులు, పట్టుబడిన వాహనాలు, కాలేజీ పిల్లల మీద కేసులు గుర్తుకొస్తాయి. ఇక్కడ అదే సరుకును లైసెన్సు ఉన్న దుకాణంలో రసీదు ఇచ్చి అమ్ముతున్నారు. ఈ తేడాకు మనసు సర్దుకోకపోవడం వల్ల చాలామంది తమ వీధి చివర దుకాణం రాబోతోందని తెలిసిన రోజున మాత్రమే మొదటిసారి మునిసిపల్ భవనం గడప తొక్కుతారు. అప్పటికే నిర్ణయం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. దుకాణం వద్దనుకునే వారికైనా, వస్తే రానిమ్మనుకునే వారికైనా, ఆ నిర్ణయం ఎక్కడ, ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా జరుగుతుందో తెలిసి ఉండాలి. కొన్నేళ్లుగా మా టౌన్‌షిప్ సమావేశాలకు వెళ్తూ నేర్చుకున్న సంగతులను, తోటివారు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు జవాబులుగా ఇక్కడ రాస్తున్నాను. మీ సొంత కేసు విషయంలో మాత్రం న్యాయవాదిని సంప్రదించండి.

రాష్ట్రమంతటా చట్టబద్ధమైనప్పుడు మా టౌన్‌షిప్ ఎలా కాదనగలదు?

2020 నవంబరు 3న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో న్యూజెర్సీ ఓటర్లలో దాదాపు 67 శాతం మంది గంజాయిని చట్టబద్ధం చేయడానికి ఒప్పుకున్నారు. ఆ తీర్పును అమలు చేసే చట్టంపై అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ 2021 ఫిబ్రవరి 22న సంతకం చేశారు. అయితే ఓటర్లు ఒప్పుకున్నది రాష్ట్రంలో గంజాయి వ్యాపారం ఉండవచ్చునన్న మాటకే. ప్రతి ఊళ్లోనూ ఆ వ్యాపారం ఉండి తీరాలని ఎవరూ ఓటు వేయలేదు. అందుకే చట్టం లైసెన్సులు ఇచ్చే అధికారాన్ని అయిదుగురు సభ్యులున్న రాష్ట్ర కనబిస్ రెగ్యులేటరీ కమిషన్‌కు అప్పగించి, ఊళ్లో చోటు ఇవ్వాలా వద్దా అన్న అధికారాన్ని మునిసిపాలిటీకి వదిలింది.

లైసెన్సులు ఆరు తరగతులు: సాగు, తయారీ, టోకు వ్యాపారం, రవాణా, చిల్లర దుకాణం, ఇంటికి చేరవేసే డెలివరీ. మునిసిపాలిటీ వీటన్నిటినీ కలిపి కాదనవచ్చు, లేదా సాగుకు ఒప్పుకొని దుకాణాన్ని మాత్రం వద్దనవచ్చు. ఎన్ని దుకాణాలు ఉండాలో, ఏ ప్రాంతంలో ఉండాలో, ఎన్ని గంటలకు తెరిచి ఎన్ని గంటలకు మూయాలో కూడా ఊరే నిర్ణయించుకోవచ్చు.

2021 ఆగస్టు 21వ తేదీని అందరూ ఎందుకు ప్రస్తావిస్తారు?

కాదనడానికి చట్టం మునిసిపాలిటీలకు ఇచ్చిన 180 రోజుల గడువు ఆ రోజుతో ముగిసింది. చట్టం రాకముందే, 2018, 2019 సంవత్సరాల్లోనే, నిషేధం విధించుకున్న ఊళ్లు కొన్ని ఉన్నాయి. ఆ పాత నిషేధాలు చెల్లవని, గడువులోగా మళ్లీ కొత్తగా చేసుకోవాలని చట్టం చెప్పింది. రాష్ట్రంలో అప్పటికి ఉన్న 565 మునిసిపాలిటీల్లో సుమారు 400 గడువులోగా ఏదో ఒక రూపంలో వద్దన్నాయి. తొందరపడకుండా నిబంధనలు ఎలా ఉంటాయో చూసి తర్వాత ఆలోచిద్దామన్న జాగ్రత్తతో వద్దన్నవే వాటిలో ఎక్కువ అని నా అభిప్రాయం. ఎందుకంటే వద్దన్న ఊరు తర్వాత ఎప్పుడైనా సరేననవచ్చు. గడువులోగా ఏమీ చేయకుండా ఊరుకున్న ఊరికి మాత్రం అయిదేళ్లపాటు వెనక్కి తిరిగే దారి లేదు.

అలా ఊరుకున్న ఊళ్లలో సాగు, తయారీ, టోకు వ్యాపారాలు పారిశ్రామిక జోన్లన్నిటిలోనూ అనుమతి ఉన్న వినియోగాలుగా మారిపోయాయి. చిల్లర దుకాణం వాణిజ్య జోన్లలో షరతులకు లోబడి అనుమతించే వినియోగం అయింది. మౌనం కూడా అంగీకారమేనని ఇంత స్పష్టంగా రాసిన చట్టాలు అరుదు.

ఇక్కడ ఆర్డినెన్స్ అంటే ఏమిటి?

మన దేశంలో ఆర్డినెన్స్ అంటే చట్టసభ సమావేశంలో లేనప్పుడు రాష్ట్రపతి గానీ గవర్నర్ గానీ జారీ చేసేది. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు: టౌన్‌షిప్ కౌన్సిల్ ఓటు వేసి చేసుకునే స్థానిక చట్టం. ఈ తేడా తెలియక, "ఆర్డినెన్స్ వచ్చేసిందట, ఇక చేసేదేముంది" అని ఇంట్లోనే ఉండిపోయినవాళ్లను నేను చూశాను.

నిజానికి ఆర్డినెన్స్‌ను మొదట ఒక సమావేశంలో ప్రవేశపెట్టి, బహిరంగంగా ప్రకటించి, తర్వాత మరో సమావేశంలో బహిరంగ విచారణ జరిపి, అప్పుడు మాత్రమే తుది ఓటుకు పెట్టాలి. భూ వినియోగానికి సంబంధించినదైతే, ఊరి మాస్టర్ ప్లాన్‌కు అనుగుణంగా ఉందో లేదో చూడమని మధ్యలో ప్లానింగ్ బోర్డుకు పంపుతారు. అంటే మొదటి రోజుకూ చివరి ఓటుకూ మధ్య మీరు వెళ్లి మాట్లాడడానికి కనీసం కొన్ని వారాల సమయం ఉంటుంది. మాట్లాడడానికి పౌరసత్వం అక్కర్లేదు. ఊళ్లో నివసిస్తున్నట్టు పేరు, చిరునామా చెప్పి, ఇచ్చిన మూడు నిమిషాలో అయిదు నిమిషాలో వాడుకోవచ్చు.

ఊరు ఒప్పుకుంటే దుకాణం ఎక్కడైనా పెట్టుకోవచ్చా?

పెట్టకూడదు. కొన్ని హద్దులు రాష్ట్ర చట్టమే గీసింది. కిరాణా దుకాణం నడిచే చోట గానీ, తిండి పదార్థాలు అమ్మే చోట గానీ, మద్యం దుకాణం నడిచే చోట గానీ గంజాయి దుకాణం ఉండకూడదు. ఇండియన్ కిరాణా కొట్టులో ఒక మూల అద్దెకు ఇస్తే ఎలా ఉంటుందని అడిగిన ఒక మిత్రుడికి ఇదే చెప్పాను.

మిగతా హద్దులన్నీ ఊరి జోనింగ్‌లో, అంటే ఏ ప్రాంతంలో ఏ వినియోగం ఉండవచ్చో చెప్పే నిబంధనల్లో ఉంటాయి. ప్రధాన రహదారి వెంబడి ఉన్న వాణిజ్య జోన్‌కు పరిమితం చేసిన ఊళ్లున్నాయి, పాత ఊరి నడిబొడ్డున ఖాళీ పడిన అంగళ్లకు జనం వస్తారని అక్కడ ఒప్పుకున్న ఊళ్లూ ఉన్నాయి. చాలా చోట్ల షరతులతో కూడిన వినియోగం అనే పద్ధతి పాటిస్తారు. పార్కింగ్ స్థలాలు ఇన్ని, రెండు దుకాణాల మధ్య దూరం ఇంత, వాసన బయటికి రాకుండా గాలి వడపోత, కెమెరాలు, భద్రతా సిబ్బంది అని ఒక జాబితా ఉంటుంది. అన్నీ నెరవేరిస్తే ప్లానింగ్ బోర్డు కాదనడం కష్టం. ఒక్కటి తప్పినా దరఖాస్తు జోనింగ్ బోర్డుకు వెళ్తుంది, అక్కడ వేరియన్స్ (నిబంధన నుంచి మినహాయింపు) కావాలంటే ఏడుగురు సభ్యుల్లో అయిదుగురు అనుకూలంగా ఓటు వేయాలి. దుకాణం భవిష్యత్తు ఆ జాబితాలోనే ఉంటుంది కనుక, జాబితా రాస్తున్న రోజున హాజరు కావడమే మేలు.

బడికీ గుడికీ ఎంత దూరం ఉండాలి?

తల్లిదండ్రులు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. అన్ని ఊళ్లకూ వర్తించే ఒకే దూరం న్యూజెర్సీలో లేదు. ఊరి ఆర్డినెన్స్ ఎంతంటే అంత. కొన్ని ఊళ్లు 1,000 అడుగులన్నాయి, కొన్ని 500 అన్నాయి, చిన్న ఊళ్లు కొన్ని దూరమంటూ పెడితే చోటే మిగలదని తగ్గించుకున్నాయి. ఇతర రాష్ట్రాల పద్ధతి వేరు. కాలిఫోర్నియాలో రాష్ట్ర చట్టం 600 అడుగులు అంటూనే, స్థానిక ప్రభుత్వం మార్చుకోవచ్చునంది. వాషింగ్టన్ రాష్ట్రం 1,000 అడుగులతో మొదలుపెట్టి, 2015లో చాలా రకాల స్థలాల విషయంలో 100 అడుగుల దాకా తగ్గించుకునే వీలు ఊళ్లకు ఇచ్చింది గానీ, బడులనూ ఆటస్థలాలనూ ఆ తగ్గింపు నుంచి మినహాయించింది. న్యూయార్క్‌లో బడికి 500 అడుగులు, ప్రార్థనా స్థలానికి 200 అడుగులు.

అంకె ఒక్కటే చూసి తృప్తి పడవద్దు. ఆ దూరాన్ని ఎక్కడి నుంచి ఎక్కడికి కొలుస్తారో చదవండి. తలుపు నుంచి తలుపుకా, స్థలం హద్దు నుంచి హద్దుకా, నడిచే దారి వెంబడా, తిన్నగా గీసిన గీత మీదా? న్యూయార్క్‌లో జరిగింది చూడండి. బడి స్థలం హద్దు నుంచి కొలవవలసిన దూరాన్ని తాము బడి తలుపు నుంచి కొలుస్తూ వచ్చామని రాష్ట్ర అధికారులు 2025 జులైలో ఒప్పుకున్నారు. దానితో లైసెన్సు తీసుకున్న దుకాణాలు వందకు పైగా, అప్పటికే తెరిచి నడుపుతున్నవాటితో సహా, ఒక్కసారిగా చిక్కులో పడ్డాయి. తప్పు వ్యాపారులది కాదు, ఆ బడుల పిల్లలదీ కాదు.

గుడి విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. మనవాళ్లు కట్టుకున్న చిన్న ఆలయాలు, బాలవికాస్ తరగతులు, కూచిపూడి, సంగీతం నేర్పే కేంద్రాలు చాలావరకు అద్దె తక్కువని పాత గిడ్డంగుల్లో, పారిశ్రామిక జోన్లలో ఉంటాయి. సాగు, తయారీ కేంద్రాలకు ఊళ్లు చూపించేది కూడా ఆ జోన్లే. మీ ఆలయం టౌన్‌షిప్ రికార్డుల్లో ప్రార్థనా స్థలంగా నమోదై ఉందో, ఇంకా గిడ్డంగిగానే ఉందో కార్యవర్గం ఒకసారి చూసుకోవాలి. రికార్డులో గిడ్డంగి అయితే, ఆర్డినెన్స్‌లో ప్రార్థనా స్థలాలకు రాసిన దూరం మీకు వర్తిస్తుందని వాదించడం కష్టమవుతుంది.

సర్టిఫైడ్ మెయిల్‌లో మా ఇంటికి ఒక నోటీసు వచ్చింది. దాన్ని ఏం చేయాలి?

పారేయవద్దు. బోర్డు విచారణకు కనీసం 10 రోజుల ముందు, ఆ స్థలానికి 200 అడుగుల లోపల ఉన్న ఆస్తుల యజమానులందరికీ దరఖాస్తుదారు తెలియజేయాలని రాష్ట్ర భూ వినియోగ చట్టం చెబుతోంది. తేదీ, సమయం, బ్లాక్, లాట్ సంఖ్యలు, అడుగుతున్న మినహాయింపులు అందులో ఉంటాయి. 200 అడుగులంటే నాలుగైదు ఇళ్ల మేర, అంతే. మీకు ఉత్తరం వచ్చి మీ వెనుక వీధివారికి రాకపోవచ్చు గనుక వారికీ చూపించండి. అద్దెకు ఉంటున్నవారికి ఉత్తరం రాదు, యజమానికి వస్తుంది.

మా ఊళ్లో జరిగిన ఒక విచారణ సంగతి చెబుతాను. ఆ రాత్రి పాతిక మంది దాకా లేచి మాట్లాడారు. గంజాయి చెడ్డదని, పిల్లలు పాడైపోతారని, ఆస్తుల విలువ పడిపోతుందని ఆవేదనతో చెప్పారు. అధ్యక్షురాలు ఓపికగా విని, ఈ వ్యాపారం ఊళ్లో ఉండాలా వద్దా అన్నది కౌన్సిల్ ఎప్పుడో తేల్చిందని, ఈ స్థలంలో ఈ ప్లాను సరిపోతుందా లేదా అన్నదొక్కటే తమ ముందున్న ప్రశ్న అని ప్రతిసారీ చెప్పవలసి వచ్చింది. చివర్లో ఒక పెద్దాయన లేచారు. మూడు శనివారాలు సాయంత్రం ఆరుకూ ఎనిమిదికీ మధ్య ఆ ప్రాంగణంలో ఖాళీగా ఉన్న పార్కింగ్ గళ్లను లెక్కపెట్టి, ఫోటోలు తీసి, తేదీ సమయాలు రాసి తెచ్చారు. పక్కనున్న ఈత కొలను శిక్షణ కేంద్రం నుంచి పిల్లలు బయటికి వచ్చే దారి, దుకాణానికి కార్లు వచ్చే దారి ఒకటేనని ప్లాను మీద వేలు పెట్టి చూపించారు. అప్పటిదాకా తల వంచుకొని రాసుకుంటున్న బోర్డు ఇంజనీరు తలెత్తి చూశాడు. దుకాణానికి అనుమతి వచ్చింది గానీ, కార్ల దారి మారింది, రెండు గంటలు ముందే మూయాలని తేలింది. ఆ రాత్రి మిగతావారి మాటల్లోని బాధ నిజమైనదే, అందులో నాదీ ఉంది. బోర్డు పట్టించుకోగలిగిన రూపంలో ఉన్నవి మాత్రం ఆయన మాటలే.

బోర్డు నిర్ణయం చట్టవిరుద్ధమని మీకు అనిపిస్తే, ఆ నిర్ణయం ప్రకటించిన నాటి నుంచి 45 రోజుల్లోగా సుపీరియర్ కోర్టుకు వెళ్లాలి. ఆ గడువు దాటితే దాదాపుగా తలుపులు మూసుకున్నట్టే.

మునిసిపాలిటీకి ఏ అధికారాలు లేవు?

ఊరు ఎంత గట్టిగా నిషేధించినా, లైసెన్సు ఉన్న డెలివరీ సంస్థ బయటి నుంచి వచ్చి ఆ ఊళ్లోని వయోజనుడి ఇంటికి సరుకు అందించడాన్ని ఆపలేదు. డెలివరీ వేళలు నిర్ణయించే అధికారం కూడా కమిషన్‌దే. ఇరవై ఒక్క ఏళ్లు దాటిన వ్యక్తి చట్టం అనుమతించిన మేరకు, అంటే ఆరు ఔన్సుల దాకా, తన దగ్గర ఉంచుకోవడాన్ని ఊరు నేరంగా మార్చలేదు. ఒక కొనుగోలులో ఒక ఔన్సు మించకూడదన్న పరిమితి, ప్యాకింగ్ నియమాలు, ప్రయోగశాల పరీక్షలు, ఇవన్నీ రాష్ట్రం చూసుకుంటుంది.

ఊరికి దీనివల్ల ఎంత ఆదాయం వస్తుంది?

రాష్ట్ర అమ్మకపు పన్ను 6.625 శాతం రాష్ట్రానికే పోతుంది. ఊరు విడిగా ఆర్డినెన్స్ చేసుకుంటే సాగుదారు, తయారీదారు, చిల్లర దుకాణదారు అమ్మకాల మీద 2 శాతం దాకా, టోకు వ్యాపారి అమ్మకాల మీద 1 శాతం దాకా బదిలీ పన్ను వేయవచ్చు. దాన్ని వ్యాపారి నేరుగా ఊరి ఆర్థిక అధికారికి చెల్లించాలి. దుకాణం ఏటా కోటి డాలర్ల వ్యాపారం చేస్తే ఊరికి దక్కేది గరిష్ఠంగా రెండు లక్షలు. పెద్ద టౌన్‌షిప్ బడ్జెట్‌లో ఇది చిన్న మొత్తమే. ఆస్తి పన్ను తగ్గిపోతుందని ఆశ పెట్టేవారినీ, డబ్బుకు ఊరిని అమ్మేశారని తిట్టేవారినీ ఈ లెక్క వేసి చూడమంటాను.

మన ఊరు వద్దంటే ఆ ఆదాయం పక్క ఊరికి పోతుందన్న మాట నిజమేనా?

కొంత నిజం. కొలరాడో 2012లో ఓటు వేసి, 2014 జనవరి 1న అమ్మకాలు మొదలుపెట్టింది. డెన్వర్ నగరం ఒప్పుకుంది. కొలరాడో స్ప్రింగ్స్ నగర కౌన్సిల్ 2013లో 5-4 ఓట్ల తేడాతో వద్దంది. ఆ నగరాన్ని ఆనుకొనే ఉన్న మానిటూ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరు రెండు దుకాణాలకు అనుమతిచ్చింది. ఏళ్ల తరబడి పెద్ద నగరంవాళ్లు పది నిమిషాలు కారు నడిపి ఆ చిన్న ఊళ్లో కొని, పన్ను అక్కడే కట్టి వచ్చారు. చివరికి కొలరాడో స్ప్రింగ్స్ ఓటర్లు 2024 నవంబరులో సరేనన్నారు, 2025లో అమ్మకాలు మొదలయ్యాయి. ఆ పదేళ్ల కాలంలో నిషేధం ఆ నగరంలో వాడకాన్ని ఆపిందని నేను అనలేను. కానీ తన వీధులు ఎలా ఉండాలో నిర్ణయించుకునే హక్కును ఒక నగరం పదేళ్లు వాడుకుంది, తర్వాత తానే మనసు మార్చుకుంది. అందులో తప్పు పట్టవలసింది నాకు కనిపించదు.

వ్యాపారి ఊరికి ఆంబులెన్సో, ఆటస్థలమో ఇస్తానంటే తీసుకోవచ్చా?

ఇక్కడే నాకు ఎక్కువ భయం. ఒక్క దుకాణానికి మాత్రమే చోటుండి, అడిగేవారు పది మంది ఉన్నప్పుడు, ఎంపిక కౌన్సిల్ సభ్యుల చేతిలోకి వస్తుంది. మసాచుసెట్స్‌లో ప్రతి వ్యాపారీ ఊరితో ఒప్పందం చేసుకోవాలన్న నియమం పెట్టారు. అమ్మకాల్లో 3 శాతానికి మించకుండా, ఊరికి నిజంగా అయ్యే ఖర్చుల మేరకే రుసుము తీసుకోవాలని చట్టంలో ఉన్నా, చాలా ఊళ్లు లెక్క చూపకుండా వసూలు చేశాయన్న ఫిర్యాదులు వచ్చాయి. ఫాల్ రివర్ నగర మేయరు ఒకరు, అనుమతి లేఖల కోసం వచ్చిన గంజాయి వ్యాపారుల నుంచి డబ్బు గుంజినందుకు 2021లో ఫెడరల్ కోర్టులో దోషిగా తేలారు, ఆరేళ్ల శిక్ష పడింది. 2022లో ఆ రాష్ట్రం చట్టం సవరించి, ఒప్పందాలను పరిశీలించే అధికారం రాష్ట్ర కమిషన్‌కు ఇచ్చింది.

న్యూజెర్సీలో కూడా కమిషన్ నుంచి వార్షిక లైసెన్సు పొందాలంటే ఊరి మద్దతు ఉన్నట్టు పత్రం చూపాలి. ఆ మద్దతు ఏ ప్రమాణాల మీద ఇస్తున్నారో, దరఖాస్తులకు మార్కులు ఎలా వేస్తున్నారో ముందే రాసి ప్రకటించమని మీ కౌన్సిల్‌ను అడగండి. ఇది దుకాణం కావాలనేవారూ వద్దనేవారూ కలిసి అడగగలిగిన విషయం.

పార్కులో, అపార్ట్‌మెంట్‌లో పొగ తాగితే? ఇంట్లో మొక్క పెంచితే?

సిగరెట్ తాగకూడని చోట గంజాయి పొగ కూడా తాగకూడదు. ఇంటి యజమాని లీజులో పొగను నిషేధించవచ్చు. వేసవిలో మనవాళ్లు ఎక్కువగా వెళ్లే శాండీ హుక్ సముద్రతీరం ఫెడరల్ భూమి కనుక అక్కడ రాష్ట్ర చట్టం ఇచ్చిన వెసులుబాటు వర్తించదు. ఇక మొక్క సంగతి: కొలరాడోలో, న్యూయార్క్‌లో పరిమిత సంఖ్యలో పెంచుకోవచ్చు గానీ, న్యూజెర్సీలో ఇంట్లో ఒక్క మొక్క పెంచడం ఇప్పటికీ నేరమే.

మాకు హెచ్1బీ వీసా ఉంది, గ్రీన్ కార్డు ఉంది. ఊరు ఒప్పుకున్నాక మాకేం భయం?

భయపడవలసింది మనమే. ఊరు ఇచ్చిన అనుమతి గానీ, రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు గానీ ఇమిగ్రేషన్ అధికారి ముందు పనికిరావు. ఫెడరల్ చట్టం దృష్టిలో గంజాయి 1970 నాటి నియంత్రిత పదార్థాల చట్టం కిందికి వస్తుంది, ఇమిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం మీద. శిక్ష పడకపోయినా, వాడానని అధికారి ముందు ఒప్పుకోవడమే వీసాకూ దేశ ప్రవేశానికీ అడ్డం కావచ్చు. గంజాయికి సంబంధించిన కార్యకలాపాలు, ఆ పరిశ్రమలో ఉద్యోగంతో సహా, రాష్ట్రంలో చట్టబద్ధమైనా పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తనను దెబ్బతీయవచ్చునని పౌరసత్వ, వలస సేవల విభాగం 2019 ఏప్రిల్‌లో రాతపూర్వకంగా చెప్పింది.

కాబట్టి వేసవి సెలవుల్లో ఆ దుకాణంలో పని దొరికిందని సంతోషించే విద్యార్థి, మిత్రుడి లైసెన్సులో వాటా పెట్టుబడి పెట్టే ఉద్యోగి, తన వాణిజ్య భవనాన్ని ఎక్కువ అద్దె వస్తుందని దుకాణానికి ఇచ్చే గ్రీన్ కార్డుదారు, ముగ్గురూ సంతకం పెట్టకముందే ఇమిగ్రేషన్ న్యాయవాదిని కలవాలి. అధికారి అడిగితే అబద్ధం చెప్పవద్దు, అది ఇంకా పెద్ద నేరం.

ఇండియాకు తీసుకెళ్లడం గురించి అడిగేవారికి: ఇక్కడ రసీదుతో కొన్న గమ్మీల (గంజాయి కలిపిన మిఠాయిల) డబ్బా అయినా హైదరాబాద్ విమానాశ్రయంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికే వస్తుంది. సూట్‌కేసు సర్దేటప్పుడు పిల్లల సామాన్లు కూడా ఒకసారి చూడండి.

2021లో ఊరుకున్న మా ఊరికి మళ్లీ అవకాశం వస్తుందా?

వస్తుంది. ఆర్డినెన్స్ చేయకుండా వదిలేసిన ఊళ్లకు అయిదేళ్ల కాలం 2026 ఆగస్టు 21తో తీరుతుంది. ఆ మర్నాటి నుంచి మళ్లీ 180 రోజులు, అంటే 2027 ఫిబ్రవరి మధ్య దాకా, నిషేధించుకునే వీలుంటుంది. అప్పుడు చేసే నిషేధం ఇకపై రాబోయే దుకాణాలకే వర్తిస్తుంది, అప్పటికే నడుస్తున్నవాటిని మూయించదు. ఆ గడువూ ఊరకే దాటితే మరో అయిదేళ్లు.

మీ ఊరు 2021లో ఏం చేసిందో తెలుసుకోవడానికి టౌన్‌షిప్ క్లర్క్ కార్యాలయంలో బహిరంగ రికార్డుల చట్టం కింద ఒక పేజీ దరఖాస్తు ఇస్తే చాలు. సాధారణంగా ఏడు పనిదినాల్లో జవాబు రావాలి. గంజాయి ఆర్డినెన్స్ సంఖ్య, ఆమోదించిన తేదీ, బదిలీ పన్ను ఆర్డినెన్స్, మద్దతు తీర్మానాలు పొందిన దరఖాస్తుదారుల జాబితా, ఈ నాలుగూ విడివిడిగా పేరు పెట్టి అడగండి. "గంజాయికి సంబంధించిన పత్రాలన్నీ" అని రాస్తే మరీ విస్తృతంగా ఉందని తిప్పి పంపుతారు.